పుస్తెల నీడ

చంద్రవ్వకు ఎవరు చెప్పారో ఆమెకే ఎరుక. పొద్దున నల్లా దగ్గర బిందె పక్కకు పెట్టి మరీ సంతోషమ్మ చెవిన వేసింది. మెట్‌పల్లి దిక్కు దొరల కోడలట. బంగారమసోంటి పిల్లట. జీపు బోల్తాపడ్డా బొట్టు చెదరకుండా బయటపడి, తన కాళ్ల మీద తానే నడిచి ఆస్పత్రి మెట్లెక్కిందట. ఆడ ఎక్స్‌రే డాక్టరు బల్ల మీద పండుకోబెట్టి ఫోటో తీసిండట. అంతే, కాళ్లు రెండూ కట్టెలైపోయినయట.

"మిషిన్ల కరెంటు ఎక్కువ పెట్టిండట అక్కా. గా కరెంటు కాళ్లల్లకెల్లి దిగి భూమిల కలిసిందట" అని చంద్రవ్వ బుగ్గలు నొక్కుకుంది. తాను ఎవరి తల్లితో మాట్లాడుతున్నదో అప్పుడు గుర్తొచ్చింది. సగం నిండిన బిందె చంకనేసుకుని వెనక్కి చూడకుండా పోయింది.

సంతోషమ్మ ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి, కొడుకు ముందు జొన్నరొట్టెతో పాటు పెట్టింది.

"నిజమేనారా దేవదాసూ?"

"కరెంటు ముచ్చట అబద్ధమే అవ్వా."

"మరి నిజమేంది?"

దేవదాస్ రొట్టె తుంచాడు. తుంచిన ముక్క వేళ్ల మధ్యనే ఉండిపోయింది.

ఆ నిజం ఏమిటో కథ వెంట మొదటి నుంచి నడుస్తున్నవాళ్లకు తెలుసు. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

గోదావరి వంతెనకు ఇవతల దయానిలయం ఆస్పత్రి. అడవి దారుల్లో దొర్లిన జీపులూ, లారీ కింద పడిన మనుషులూ ముందు అక్కడికే వస్తారు. అటువంటి కేసు వచ్చినప్పుడు తలుపు దగ్గర ముగ్గురు నిలబడాలని దేవదాస్ ఏళ్ల తరబడి కొట్లాడాడు. ఆపరేషన్ల డాక్టరు లింగమూర్తి, సిస్టర్ మగ్దలేనమ్మ, ఎక్స్‌రే డాక్టరు తాను. అంతకుముందు ఎక్స్‌రే డాక్టరంటే చీకటిగదిలో కూర్చుని, ఎవరో పంపిన ఫిల్ము చూసి, ఎవరికో చీటీ రాసే మనిషి. రోగి ముఖం ఎరుగడు. చీటీ వార్డుకు చేరేసరికి రోగి శవాలగదికి చేరిన రోజులూ ఉన్నాయి. అట్లా కుదరదన్నాడు దేవదాస్. దెబ్బలు తగిలిన మనిషి మెడకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టాలి, తాను ఫిల్ము చూసి 'మెడ మంచిగుంది' అనేదాకా ఎవరూ కదిలించొద్దు అన్నాడు. అట్లా ఆ ఒక్క మాటకు ఆస్పత్రిలో తాళంచెవికి ఉన్నంత పెత్తనం వచ్చింది.

మొన్న మధ్యాహ్నం ఉట్నూరు నుంచి వస్తున్న జీపు మలుపులో కల్వర్టు కిందికి పోయింది. భూపాల్‌రావు కొడుకు జైపాల్‌రావును కడుపులో నెత్తురు నిండి తెచ్చారు. అతని భార్య సరళాదేవికి మెడనొప్పి తప్ప పైకి దెబ్బ లేదు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి. భర్తను ఆపరేషన్ బల్ల మీదికి, భార్యను ఎక్స్‌రే బల్ల మీదికి ఎక్కించారు. ఫిల్ములో అడ్డం రాకుండా మగ్దలేనమ్మ ఆమె మెడలోని పుస్తెలతాడు తీయబోయింది. అత్త జానకీబాయి సిస్టర్ చెయ్యి పట్టుకున్నది.

"నా కొడుకు ఆ గదిల చావుబతుకుల మీదుంటే, ఈడ నా కోడలి మెడల పుస్తెలు తీస్తరా? ఎంత ధైర్యమే నీకు!"

తీసి తీరాలని చెప్పవలసినవాడు దేవదాస్. చెప్పలేదు. పక్కకు జరిపితే చాలన్నాడు. జరిపిన పుస్తెలు మళ్లీ జారి మెడ మొదట్లోకి వచ్చాయి. అదే సమయానికి లోపలి నుంచి జైపాల్‌రావు ఛాతీ ఫోటో కావాలని లింగమూర్తి కేక వేశాడు. ఉన్నది ఒక్కటే మిషను. నీళ్లు కారుతున్న ఫిల్మును దేవదాస్ లైటు డబ్బాకు ఆనించి చూశాడు. పై ఎముకలన్నీ వరసగా ఉన్నాయి. కింద రెండు తెల్లటి గుండ్రాలు. పిల్ల కాళ్లు ఆడిస్తూనే ఉంది కదా అనుకుని, 'మెడ మంచిగుంది' అన్నాడు.

ఆ మాటతో ఇసుక సంచులు పోయాయి. వార్డులో చుట్టపు ఆడవాళ్లు సరళాదేవిని లేపి కూర్చోబెట్టి, తలకంటి ఎండిన భర్త నెత్తురు కడిగి, చాయ తాపారు. పొద్దు గూకేసరికి భర్త బల్ల మీదనే కన్నుమూశాడు. భార్య కాళ్లు చచ్చుబడ్డాయి. నిన్న ఊళ్లో జైపాల్‌రావు చితికి నిప్పు పెట్టారు. సరళాదేవికి ఆ మాట ఇంకా ఎవరూ చెప్పలేదు. నిన్న సాయంత్రం ఆరిన ఫిల్మును రెండోసారి చూసిన దేవదాస్, వార్డుకు ఉరికి ఎవరికీ కారణం చెప్పకుండా ఇసుక సంచులు మళ్లీ పెట్టించి, ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మనం ఆగింది అక్కడ.

ఇవాళ రొట్టె ముట్టకుండానే లేచాడు.

ఆస్పత్రి చేరేసరికి వార్డు మెట్లకు వెనుక భాగం ఆనించి ఒక జీపు నిలబడి ఉంది. కొత్త జీపు, ఎవరో చుట్టాలది. వెనక సీట్లు విప్పేసి పరుపు పరిచారు. పరుపు మీద పూలపూల దుప్పటి. నలుగురు పాలేర్లు నులకమంచం తెచ్చి వరండాలో దించి, బీడీలు వెలిగించుకుని దూరంగా నిలబడ్డారు. దేవదాస్ తిన్నగా లింగమూర్తి గదిలోకి పోయాడు.

"పేషెంటును తోలుతున్నవా?"

"నేను తోలుడేంది? వాళ్లే తీసుకపోతున్నరు. ఇంటికాడ దినాలున్నయి. కొడుకు సచ్చిన ఆస్పత్రిల కోడల్ని ఉంచం అంటున్నరు. నేను వద్దంట నిలబడాల్నా?"

దేవదాస్ సంచిలోంచి ఫిల్ము తీసి గోడకున్న లైటు డబ్బాకు తగిలించాడు.

బయటి లోకంలో నీడ నల్లగా ఉంటుంది. ఎక్స్‌రేలో లోహం నీడ తెల్లగా పడుతుంది. బంగారమైతే మరీ. పుట్టింటివారిది ఒకటి, అత్తింటివారిది ఒకటి, రెండు పుస్తెలు సున్నపు చుక్కల్లాగా మెడ అడుగు ఎముకల మీద కూర్చుని ఉన్నాయి. దేవదాస్ వేలితో చూపించాడు. ఎముకల వెనక అంచున పై నుంచి ఒక గీత దిగుతూ వచ్చి మొదటి పుస్తె కిందికి దూరింది. రెండో పుస్తె దాటాక బయటపడ్డది. దూరిన చోటికి, బయటపడ్డ చోటికి పొత్తు కుదరడం లేదు. గీత పక్కకు తప్పింది.

లింగమూర్తి చాలాసేపు చూశాడు. అతను చెడ్డ మనిషి కాడు. మొన్న ఆ ఇంటి కొడుకు కోసం చెమటలు కక్కి, చేతుల్లోనే పోగొట్టుకున్నవాడు. లైటు బందు చేశాడు.

"విరగ్గొట్టింది జీపు. నువ్వు గాదు."

"జీపు విరగ్గొట్టింది. లేపి కూసోబెట్టుమని చెప్పింది నేను."

"నువ్వు చెప్పలే. మంచిగుందన్నవు."

"రెండూ ఒకటే గదా. అందుకోసమే గదా నన్ను తలుపుకాడ నిలబెట్టుకున్నరు!"

"మెల్లగ మాట్లాడు. జర నేను చెప్పేది ఇను దేవదాస్. ఇయ్యాల నువ్వు బయటికి పోయి తప్పు నాదన్నవనుకో, రేపటికెల్లి ఈ తాలూకాల ఒక్కడు మన ఇసుక సంచి మెడకాడికి రానియ్యడు. నల్లాల కాడ ఇప్పటికే కరెంటని కథలు పుట్టినయి. నువ్వు ఎంత కొట్లాడి నిలబెట్టిన పద్ధతి ఇది! రేపు ఇంకో జీపు దొర్లుతది. ఆడ ఇంకో పిల్ల ఉంటది. ఆ పిల్ల ముచ్చటేంది?"

దేవదాస్ దగ్గర ఉన్నది ఒక్కటే మాట.

"ఆ పిల్ల ఇంకా దొర్లలే. ఈ పిల్లను ఆ రోడ్డు మీద తీసుకపోతే ఊపిరి ఆగుతది."

"ఈడుంటే లేచి నడుస్తదా?"

దేవదాస్ తల అడ్డంగా ఊపాడు.

"మరి?" అన్నాడు లింగమూర్తి.

దేవదాస్ ఫిల్ము తీసుకుని బయటికి నడిచాడు. లింగమూర్తి ఆపలేదు. కాసేపటికి అతని చెప్పుల చప్పుడు కూడా వెనక వినిపించింది.

వరండాలో జానకీబాయి బెంచీ మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి, ముఖం ఇంకొకరి ముఖంలా ఉంది. భూపాల్‌రావు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన తలకూ మూతికీ కలిపి తువ్వాల చుట్టుకున్నాడు. ఆయన మీసం ఆ చుట్టుపక్కల పేరున్న మీసం. నెరిసినా రోజూ దువ్వెన పెట్టేవాడు. కొడుకు చితికి నిప్పు పెట్టే ముందు నిన్న తలతో పాటు దానినీ తీయించుకున్నాడు. కోడలి కంట పడొద్దని ఆ తువ్వాల.

"అమ్మా" అన్నాడు దేవదాస్. 'దొరసానీ' అని నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగి అన్న మాట అది. అతని తాత సీమోను ఇటువంటి ఇళ్ల ముందరే చెప్పులు చేతబట్టుకుని నడిచాడు. తండ్రి బక్కయ్య పోయిన నాడు తన తల్లి మెడలోంచి పుస్తెలు తీస్తుంటే ఆమె పెట్టిన కేక దేవదాస్ చెవుల్లో ఇప్పటికీ ఉంది. చర్చికి పోయే ఇల్లయినా పుస్తె పుస్తే. మొన్న ఎక్స్‌రే గదిలో ఆ కేక గుర్తొచ్చి ఊరుకున్నాడా, దొరసాని గద్దించిందని తాత వెన్ను తన ఒంట్లో వంగి ఊరుకున్నాడా? రాత్రంతా గోడను అడిగాడు. గోడ చెప్పలేదు.

"అమ్మా, ఆమెను తీసుకపోవద్దు. మెడ ఎముక విరిగింది."

జానకీబాయి తలెత్తింది. "ఏమంటున్నవు?"

"మొన్న ఫోటోల నాకు కనవడలే. నేను మంచిగుందని చెప్పిన. మంచిగ లేదు. తప్పు నాది."

"మొన్న బాగుందన్నది నువ్వే గదా!"

"నేనే."

"కాళ్లు వస్తయని నిన్న ఆ పెద్ద డాక్టరు చెప్పె."

దేవదాస్ వెనక నిలబడ్డ లింగమూర్తి నేల చూశాడు.

"రావమ్మా" అన్నాడు దేవదాస్. "కాళ్లు రావు. ఇప్పుడు చేతులున్నయి, ఊపిరున్నది. కదిలిస్తే అవి గూడ పోతయి. ఉన్నకాడ ఉంచి, నెత్తికి బరువు కట్టి మెడను పట్టి ఉంచాలె. అందుకు ఇంకో ఫోటో కావాలె."

జానకీబాయి లేచి వచ్చి అతని చొక్కా పట్టుకుంది. పాలేర్లు బీడీలు పారేసి రెండడుగులు ముందుకు వేశారు. ఆమె కొడుతుందనుకున్నారు అందరూ. దేవదాస్ కూడా అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"కనవడకపోవుడేంది? కండ్లు లేవా? సదువుకున్నవు గదా? గింత పెద్ద మిషిను పెట్టుకున్నరు గదా? నా బిడ్డ మెడ విరిగితే కనవడకపోవుడేంది? చూపియ్యి! ఏడున్నది ఫోటో?"

"వద్దమ్మా."

"చూపియ్యమంటున్న!"

ఆమె ఫిల్ము లాక్కున్నది. పొద్దుటి ఎండ వరండాలోకి ఏటవాలుగా పడుతోంది. ఫిల్మును ఎండకెత్తింది. చదువు రాని మనిషి. ఎముకలు ఆమెకేం తెలుసు! కానీ ఆ రెండు గుండ్రాలు ఆమెకు తెలుసు. వాటిలో ఒకదాన్ని ఆమె స్వయంగా కంసాలి ముందు కూర్చుని చేయించింది. బొటనవేలు ఒక గుండ్రం మీద పెట్టింది.

"గివేంది?"

దేవదాస్ ఫిల్ము కోసం చెయ్యి చాచాడు.

"గివేందయ్యా, నిన్నే. పుస్తెలేనా?"

"తప్పు నాదమ్మా. మీరు వద్దన్నా నేను తీపియ్యాలె. అది నా పని."

"వీటి కింద ఉన్నదా, ఇరిగింది?"

"ఆఁ."

భూపాల్‌రావు గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. మాట కాదు. జానకీబాయి చెయ్యి మెల్లగా దిగింది. ఫిల్ము మోకాలికి తగిలి నేల మీద పడ్డది. ఆమె రెండు చేతులూ చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది, ఏదో అంటుకున్నట్టు.

"నేనే పట్టుకున్న గదా" అంది. ఎవరితోనూ కాదు. "గా సిస్టరు చెయ్యి నేనే పట్టుకున్న. కొడుకు దక్కుతడని పట్టుకున్న. కొడుకు దక్కకపాయె."

ఆస్పత్రి గోడ అవతల ఎవరో మామిడికాయలు అమ్ముకుంటూ పోతున్నారు. జీపు డ్రైవరు ఏమీ తెలియక తల బయటికి పెట్టి, "తోలుకొస్తున్నరా?" అని అరిచాడు. పాలేరు ఒకడు పోయి వాడి నోరు మూయించాడు.

చివరికి లింగమూర్తి ముందుకు వచ్చాడు. "ఇంకో ఫోటో ఇప్పుడే కావాలె. మిషినును వార్డులకే తెస్తం, ఆమెను కదిలియ్యం. కానీ ఈసారి మెడల ఏం ఉండొద్దు."

ఆ మాట అన్నాకనే అందరికీ ఒక్కసారిగా తట్టింది. భూపాల్‌రావు స్తంభాన్ని పట్టుకున్నాడు.

"పదోనాడు తీయాలె అవి" అన్నాడు. తువ్వాల వెనక నుంచి ఆయన గొంతు పాత బావిలోంచి వచ్చినట్టుంది. "ఇంటికాడ, ఆడోళ్ల నడుమ తీయాలె. దానికి ఇంకా చెప్పనేలేదు మేము. ఇప్పుడు తీస్తే చెప్పినట్టే గదా?"

"తీయకుంటే ఎముక కనవడది" అన్నాడు దేవదాస్. మొన్న చెప్పవలసిన మాట. రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది.

జానకీబాయి కొంగు నెత్తి మీదికి లాక్కుంది. "నేను తీస్త" అంది. "ఫోటో కోసమని చెప్త. మల్ల ఏస్తమని చెప్త. మీరెవ్వరు నోరు తెరవకుండ్రి."

వార్డులో చివరి మంచం సరళాదేవిది. తలకు రెండు వైపులా ఇసుక సంచులు. కంటికి కనిపించేది పైకప్పు, దాని మీద తిరగని ఫ్యాను. ఆమెను చూడాలంటే ఎవరైనా మంచం మీదికి వంగాల్సిందే. మగ్దలేనమ్మ ఆమె ముఖం తుడుస్తున్నది. పొద్దున అరిచేయి మూసి తెరిచిందని, నీళ్ల గ్లాసు తానే పట్టుకోబోయిందని మగ్దలేనమ్మ దేవదాస్‌కు మెల్లగా చెప్పింది. ఆ కబురుకు అతను ఆశపడబోయి మానుకున్నాడు.

ఎక్స్‌రే మిషను చక్రాలు కిర్రుమంటూ మంచం పక్కకు వచ్చి ఆగాయి. జానకీబాయి వంగింది. కోడలి మెడ దగ్గరికి చెయ్యి పోయింది. అక్కడే ఆగిపోయింది. వేళ్లు తాడు దాకా పోతున్నాయి, వెనక్కి వస్తున్నాయి.

"ఏంది అత్తమ్మా?" అంది సరళాదేవి.

జానకీబాయి అట్లా మంచం పట్టె పట్టుకుని నిలబడిపోయేసరికి, భూపాల్‌రావు చూసి ఉండలేకపోయాడు. కోడలు పడుకున్న చోటికి మామ రావడం ఆ ఇంటి పద్ధతి కాదు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆయన ఆమెతో గడప అవతల నుంచే మాట్లాడాడు. ఆయన వచ్చాడు. మంచం మీదికి వంగి, "బిడ్డా" అన్నాడు. వంగడంతో తువ్వాల ముడి వదులై జారింది.

సరళాదేవి కళ్లు ఆయన ముఖం మీద నిలిచాయి. ముందు గుర్తుపట్టనట్టు చూసింది. తర్వాత పెదవి పైన, మీసం ఉండవలసిన చోట చూసింది. గుండు చూసింది. ఆయన గబగబా తువ్వాల పైకి లాక్కున్నాడు. లాక్కోవడమే చెప్పినట్టయింది.

వార్డులో అటు చివర ఎవరికో పుట్టిన పసిగుడ్డు ఏడుస్తున్నది. ఇటు సరళాదేవి ఊపిరి వినిపిస్తున్నది. ఆ ఊపిరి కూడా పొద్దున మగ్దలేనమ్మ విన్నంత నిండుగా లేదని దేవదాస్ చెవికి తెలిసింది. రొమ్ము లేవడం లేదు. కడుపు ఒక్కటే పొంగుతూ దిగుతున్నది.

"ఫోటో కోసమే బిడ్డా" అంది జానకీబాయి. గొంతు తెచ్చుకుని, నవ్వు కూడా తెచ్చుకోబోయి. "ఫోటోల అడ్డమొస్తయట. జరసేపు తీసి, కాంగనే నేనే మల్ల ఏస్త. నీకు ఫికర్ వద్దు."

సరళాదేవి ఏడవలేదు. తన పుస్తెలు తానే తీసుకుందామనుకుందేమో, కుడిచెయ్యి లేపబోయింది. భుజం కాస్త కదిలింది. చెయ్యి దుప్పటి మీద నుంచి లేవలేదు. పొద్దున మూసి తెరిచిన చెయ్యే అది. ఆమె దాని వంక చూడలేదు, తల తిప్పి చూసే వీలూ లేదు. దేవదాస్ చూశాడు. మగ్దలేనమ్మ చూసింది. ఇద్దరి కళ్లూ కలిసి విడిపోయాయి.

సరళాదేవి పైకప్పు వంకే చూస్తూ అంది:

"తియ్యుండ్రి. మల్ల కట్టెటోడు లేడు గదా."